రోకటి పోటూ – మా మేనత్త పాటా

పొయ్యి మీద పాలు పొంగుకొస్తున్నాయనుకోండి, మనం ఏం చేస్తాం? పొయ్యి ఆర్పేసి, ఇవాళ్టికి కాఫీలు లేవని ప్రకటించి కూర్చోం కదా! చప్పున సెగ తగ్గిస్తాం. అప్పటికే అంచుదాకా వచ్చేస్తే నాలుగు నీటిచుక్కలు చిలకరిస్తాం. నురగ దిగిపోతుంది, పాలు మాత్రం కాగుతూనే ఉంటాయి. పొంగు ఒక్క క్షణం, కాగడం పావుగంట. ఆ క్షణం కోసం పావుగంటని పాడుచేసుకోకూడదన్న జ్ఞానం మనకి ఏ బడిలోనూ నేర్పలేదు. వంటింట్లో మసలగా మసలగా అబ్బింది.

పాటల్లోనూ ఇలాంటి పొంగులుంటాయనీ, వాటిని అణచడం ఒక పెద్ద విద్య అనీ ఈమధ్యనే తెలిసింది నాకు. తెలియజెప్పింది మా చెల్లెలి కూతురు. అది సౌండింజనీరు. ఇంజనీరనగానే వంతెనలు కడుతుందనుకునేరు. చెవులకి రెండు డిప్పలు తగిలించుకుని, కంప్యూటరు ముందు కూర్చుని, ఎవరో పాడిన పాటని చీరకి గంజి పెట్టినంత శ్రద్ధగా సవరిస్తూ ఉంటుంది. సినిమా పాటల పనీ చేస్తుంది గానీ, దాని ప్రాణమంతా పల్లెపాటల మీదే.

సినిమా పాటకీ పల్లెపాటకీ సవరించడంలో తేడా ఏమిటే అంటే, "చాలా ఉంది పెద్దమ్మా! సినిమాకి గాయనిని అద్దాలగదిలో ఒక్కదాన్నే నిలబెట్టి పాడిస్తారు. వాయిద్యాలు వేరే రోజు, వేరే చోట. ఎవరి గొంతు ఎక్కువైతే వాళ్ళది తగ్గించుకోవచ్చు. పల్లెపాట అలా కాదు. పాడేవాళ్ళూ, కొట్టేవాళ్ళూ, చప్పట్లు చరిచేవాళ్ళూ ఒక్కచోటే ఉంటారు. ఒకరి మైకులో ఇంకొకరు దూరిపోతారు, ఉమ్మడి కుటుంబంలా" అంది.

ఆ పోలిక నాకు వెంటనే ఎక్కింది. ఉమ్మడి కుటుంబంలో ఒకరి గొంతు తగ్గించాలని చూస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?

మన జానపద కళలన్నిటికీ ఇలాంటి ఉరుములు ఉండనే ఉన్నాయి. డప్పుని మంట దగ్గర కాచి తోలు బిగిసేలా చేస్తారు. అది మోగిందంటే ఊరు ఊరంతా లేవాలి, ఆ వాయిద్యం పుట్టిందే అందుకు. ఒగ్గుకథలో డోలు వరస అందుకుంటే గుండెలు అదురుతాయి. బుర్రకథ చూడండి. కథకుడి చేతి అందెలు ఘల్లుమంటాయి, పక్కన వంతల గుమ్మెట్లు గర్జిస్తాయి. 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ గారి పేరు చెప్పగానే పాతతరం వాళ్ళకి ఆ వీరరసం చెవుల్లో మోగుతుంది. యుద్ధఘట్టంలో ఉరిమిన గొంతే కరుణలో గుసగుసలాడుతుంది. ఉరుముకీ గుసగుసకీ మధ్య ఉన్న ఆ దూరమే కథకి ఆయువుపట్టు. పందిట్లో కూర్చుని వింటే మన చెవి ఆ రెంటినీ ఇట్టే సర్దుకుంటుంది. యంత్రం సర్దుకోలేదు. అక్కడే వచ్చింది చిక్కంతా.

మా ఇంట్లో ఈ చిక్కు మా మేనత్త రూపంలో వచ్చింది.

మా మేనత్తకి 84 ఏళ్ళు. కోనసీమలో ఉంటుంది. దంపుళ్ళ పాటలు, గొబ్బి పాటలు, 'ఊర్మిళాదేవి నిద్ర' వంటి పొడుగు పాటలు ఆవిడకి కంఠతా వచ్చు. మా తరంలో ఒకరికి పల్లవి వస్తే చరణం రాదు, చరణం వస్తే వరస రాదు. మా పిల్లల తరానికి అసలు రోలే తెలియదు. ఆవిడతోనే ఆ పాటలు ఆగిపోతాయేమోనన్న బెంగ మా అందరికీ ఉంది. కిందటి శీతాకాలం ఆవిడకి జ్వరం వచ్చి తగ్గాక గొంతు మరీ పీలగా అయిపోయింది. మా చెల్లెలి కూతురు ఇక ఆగలేదు. సంక్రాంతికి మైకులూ తీగలూ మూటగట్టుకుని ఊళ్ళో దిగింది.

"మామ్మా, హాయిగా గదిలో కూర్చుని పాడు, రికార్డు చేసుకుంటాను" అంటే మా అత్త ఒప్పుకుందా?

"రోకలి పడకుండా దంపుడు పాటేమిటే? విస్తరి వేసి అన్నం వడ్డించకపోవడంలా! పోటు పడితేనే నాకు మాట అందుతుంది" అంది.

ఇంకేం, అటక మీది రోకళ్ళు దిగాయి. పెరట్లో రోలు కడిగారు. ఎలాగూ అరిసెలకి పిండి కావాలి కదా అని రాత్రే బియ్యం నానబోశారు. ఇద్దరు కోడళ్ళు దంచడానికీ, మిగతా ఆడవాళ్ళం వంత పాడడానికీ, మా అత్త పీటేసుకుని పాడడానికీ ఏర్పాటయింది.

అసలు పనితనం మైకు పెట్టే చోటే ఉందని ఆ రోజు చూశాను. ముందు మా అత్తని రోలుకి ఆరడుగుల దూరంలో కూర్చోబెట్టి, తరవాత ఆ పీటని పన్నెండడుగులకి జరిపించింది మా పిల్ల. ఆరుబయట దూరం రెండింతలైతే చప్పుడు సుమారు 6 డెసిబెళ్ళు తగ్గుతుందట. అంటే ఆ శబ్దపు అల ఎత్తు సగమైపోతుందన్నమాట. ఇంకో చిత్రం, మా అత్త మైకు వెనకవైపు చెవిటిదట. ముందునుంచి వచ్చేది బాగా వింటుంది, వెనకనుంచి వచ్చేది అంతగా పట్టించుకోదు. (మగవాళ్ళు పేపరు చదివేటప్పుడు ఎటునించి వచ్చేదీ పట్టించుకోరు. మైకే నయం!) అందుకని మా అత్తని రోలు వైపు తిప్పి, ఆవిడ మూతికి జానెడు దూరంలో మైకు పెట్టింది. దాని వీపు రోలు వైపు పడింది. ఆవిడకి రోకళ్ళు కనబడుతూనే ఉన్నాయి, మైకుకి మాత్రం సగం వినబడకుండా పోయాయి. పోటుకి నేల అదిరి ఆ అదురు స్టాండులోంచి పాకకుండా దాని కిందకి బొంత మడత తోసింది. రోలు దగ్గర ఒక మైకు, వంత పాడే మా ముందు ఒక జత మైకులు.

"ఇక్కడ తగ్గించుకున్న ప్రతి చప్పుడూ తరవాత కంప్యూటరులో నాకు మిగిలే శ్రమ" అంది. ఇల్లలికేటప్పుడే మూలలు చూసుకుంటే పండగనాడు పరుగులుండవు, అంతే కదా!

తరవాత కొలత చూసుకుంది. ఈనాటి యంత్రాల్లో సున్నా అన్నదే అన్నిటికంటే పైమెట్టు. మిగిలిన అంకెలన్నీ దాని కింద, మైనస్ గుర్తుతో ఉంటాయి. సున్నా అంటే గిన్నె అంచన్నమాట. అంచు దాటిందా, అల తల తెగిపోయి చిరాకైన బరబర పుడుతుంది, ఇక ఏం చేసినా మామూలుగా అతకదు. పాతకాలపు టేపు కాస్త దయగలది, ఎక్కువైన చప్పుడుని మెల్లగా గుండ్రం చేసి సర్దేసేది. డిజిటల్ యంత్రానికి ఆ మొహమాటం లేదు. అందుకని ఎంత గట్టి పోటు పడినా మైనస్ పది దగ్గరే ఆగేలా ముందే జాగా వదిలింది మా పిల్ల. చారు కాచేటప్పుడు గిన్నె అంచుదాకా నింపం చూడండి, అలాగ.

రికార్డింగు అయింది. పాట ఆరు నిమిషాలు. అందులో రోకటి పోట్లు రెండువందల పైచిలుకు. మా అత్త గొంతు మైనస్ ముప్ఫై దగ్గర నడుస్తుంటే, రోకలి మైనస్ పది దగ్గర కొడుతోంది. ఇరవై డెసిబెళ్ళ తేడా అంటే అల ఎత్తులో పది రెట్లట! రోట్లో తల దూర్చి రోకటిపోటుకి వెరవకూడదన్న సామెత ఉండనే ఉంది గానీ, వెరవక తప్పలేదు మా పిల్లకి.

ఇక్కడ ఒక తమాషా ఉంది. పోటు మొనలా లేచి పడిపోయే కాలం సెకనులో ఎన్నో వంతో. మన చెవి చప్పుడు ఎంత పెద్దదో తేల్చుకోవడానికి అంతకంటే ఎక్కువ వ్యవధి తీసుకుంటుంది. అందుకే పెరట్లో మాకు అది మరీ బండగా అనిపించలేదు. 1939లో అమెరికాలో స్థిరపడిన వి.యు. మీటరు ముల్లు కూడా మన చెవి లాంటిదేనట, నింపాదిగా లేస్తుంది. అటువంటి ముల్లుని చూస్తూ, మీట మీద చెయ్యి వేసి, గొంతు లేవబోతున్నదని ముందే పసిగట్టి తగ్గించేవాళ్ళు పాతకాలం రేడియో ఇంజనీర్లు. ఈ పోటుల మొనలు ఆ ముల్లుకి సరిగా అందవు. వాటిని పట్టుకోవాలంటే యంత్రమే ఉండాలి. ఆ మొనల్ని అలాగే వదిలేసి పాటని అంచు కిందకి సర్దితే మా అత్త గొంతు ఎక్కడో అడుగున ఉండిపోతుంది. వినబడటం లేదని వాల్యూము పెంచుతామా, ఆ వెంటనే పడే పోటుకి నిద్రపోయే పసివాడు ఉలిక్కిపడతాడు!

ఇంతలో మా మేనల్లుడు రంగప్రవేశం చేశాడు. వాడికి అన్నీ తొందరే.

"దీనికింత ఆలోచనెందుకు అత్తయ్యా? నా ఫోనులో ఒకటుంది, అన్నిటినీ సమానం చేసేస్తుంది" అని పాట అందులో వేసి, రెండు నిమిషాల్లో తీసి వినిపించాడు.

సమానం చేసిందండీ, కాదనను. రోకలి చప్పుడు అణిగింది. కాని పోటు పడ్డప్పుడల్లా మా అత్త గొంతు కూడా బావిలో చేదలా దిగిపోయి, మళ్ళీ మెల్లగా పైకి తేలుతోంది. ఆవిడ ఊపిరి, పక్కింటి కోడి, కొబ్బరాకుల గాలి అన్నీ పాటంత పెద్దవయ్యాయి. మొదటి పోటూ చివరి పోటూ ఒక్కలాగే ఉన్నాయి. ఏదో మిల్లులో యంత్రం ఆడుతున్నట్టుంది గానీ, ఇద్దరు మనుషులు దంచుతున్నట్టు లేదు.

"సమానం చెయ్యడం వేరు, సర్దడం వేరు" అని మా పిల్ల ఆ పాటని పక్కన పడేసి, తన పద్ధతిలో మొదలెట్టింది. వారం రోజులు పట్టింది. దాని పక్కన మోడా వేసుకుని కూర్చుని, కూరలు తరుక్కుంటూ చూశాను గనక మీకు చెప్పగలుగుతున్నాను.

మొదట చేసింది చేతిపని. మా అత్త మైకులో దూరిన పోట్లలో మరీ మొనదేలిన వాటిని తెర మీద పెద్దవి చేసి చూసుకుంటూ, ఒక్కొక్కదాన్నీ మూడో నాలుగో డెసిబెళ్ళు వంచింది. ఆ పోటు పడినంతసేపే. ముందు మాటకి గాని, వెనక మాటకి గాని దెబ్బ తగలలేదు. బియ్యంలో మట్టిబెడ్డలు ఏరడంలాంటిదే ఇదీ. బెడ్డ ఉందని చేటెడు బియ్యం పారబోస్తామా?

రెండోది కంప్రెసరు. దీనికొక గీత పెడతారు. గీత దాటిన చప్పుడుని ఎంత తగ్గించాలో నిష్పత్తి చెబుతారు. రెండుకి ఒకటి అని పెడితే, గీత మీద ఆరు డెసిబెళ్ళు లేచినది మూడు దగ్గర ఆగుతుంది, నాలుగు లేచినది రెండు దగ్గర ఆగుతుంది. గమనించారా? పెద్దది పెద్దదిగానే, చిన్నది చిన్నదిగానే ఉంటుంది. తేడా తగ్గుతుందే గాని చెరిగిపోదు. పైగా అది ఎంత త్వరగా పట్టుకోవాలో, ఎంత త్వరగా వదలాలో కూడా చెప్పొచ్చు. పట్టుకోవడం మరీ త్వరగా అయితే పోటులో ఉండే ఆ 'టక్కు' నలిగిపోతుందని, సెకనులో ముప్ఫయ్యో వంతు ఆగి పట్టుకోమంది. వదలడం ఆలస్యమైతే గొంతు బావిలో పడుతుంది కదా, రెండు పోట్ల మధ్య సెకనున్నర వ్యవధి ఉంది గనక అందులో పదో వంతులోనే వదిలేయమంది.

చిట్టచివర లిమిటరని ఒకటి పెట్టింది. అది కుక్కరు మీద వెయిటులాంటిది. అంచుకి ఒక్క డెసిబెలు కింద కాపలా కాస్తుంది, ఎవర్నీ దాటనివ్వదు. పాట మొత్తంలో అది నాలుగైదు చోట్ల మాత్రమే పని చేసింది.

"ఇది అస్తమానం పని చేస్తోందంటే నేను ముందు చేసిన పని సరిగా లేదన్నమాట" అంది. నిజమే మరి, కుక్కరు ఊపిరి తిప్పుకోకుండా కూస్తుంటే సెగ ఎక్కువైందనే కదా అర్థం.

పాటని ఇంకా బిగ్గరగా చెయ్యకూడదా అని మేనల్లుడు మళ్ళీ తగులుకున్నాడు. యూట్యూబు, స్పాటిఫై వంటివి మరీ బిగ్గరగా ఉన్న పాటని తామే తగ్గించి వినిపిస్తాయనీ, నలిపి నలిపి పెంచుకున్నందువల్ల దక్కేది నలుగుడు ఒక్కటేననీ మా పిల్ల చెప్పాక గాని ఊరుకోలేదు వాడు.

అన్నీ అయ్యాక ఒక్క పొంగు మిగిలింది. అది రోకటి పోటు కాదు. పాట నాలుగో నిమిషంలో మా అత్త మనవడి కొడుకు, మూడేళ్ళవాడు, రోలు దగ్గరకెళ్ళి పిండిలో చెయ్యి పెట్టబోయాడు. మా అత్త పాట మధ్యలో "ఒరేయ్! చెయ్యి తియ్యరా!" అని ఒక్క అరుపు అరిచింది. దంచే చేతులు గాల్లోనే ఆగిపోయాయి. వాణ్ణి ఎవరో ఎత్తుకున్నారు. ఆవిడ ఆపిన మాట దగ్గర్నించే మళ్ళీ అందుకుని పాడింది. మొత్తం రికార్డింగులో అన్నిటికంటే పెద్ద చప్పుడు ఆ అరుపే. ఏ రోకలీ దానికి సాటి రాలేదు!

కత్తిరించడం రెండు క్షణాల పని. "కత్తిరించెయ్యి, పాట శుభ్రంగా ఉంటుంది" అన్నారు మా వారు. మా పిల్ల నా వైపు చూసింది. నాకు నోట మాట రాలేదు. పన్నెండేళ్ళకి కాపురానికొచ్చిన మనిషి మా మేనత్త. అత్తవారింట్లో ఆవిడ గొంతు వీధి గుమ్మం దాటిందని ఎవరూ చెప్పగా వినలేదు. నవ్వినా కొంగు అడ్డమే, ఏడ్చినా కొంగు అడ్డమే. గొంతు పెంచిన సందర్భం ఏదైనా ఉంటే అది దంపుడు పాటలోనే, రోకటి చప్పుడు చాటున. అలాంటి మనిషి 84 ఏళ్ళకి, అంత పీల గొంతుతో, ఒక పసివాడి చెయ్యి కాపాడడానికి అంత పెద్దగా అరిచింది. అది పాటలో భాగం కాదని ఎలా అంటాం?

"ఉంచు" అన్నాను. మా పిల్ల దాన్ని ఏడు డెసిబెళ్ళు వంచింది. వినేవాళ్ళు ఉలిక్కిపడరు గాని, అది అరుపని తెలుస్తుంది. ఆ తరవాత రోకళ్ళు ఆగిన నిశ్శబ్దాన్ని ముట్టుకోలేదు.

ఉగాదికి వెళ్ళినప్పుడు పాట మా అత్తకి వినిపించాం. కళ్ళు మూసుకుని, వేళ్ళతో మోకాలి మీద పోటు వేసుకుంటూ విన్నది. తన గొంతు గురించి ఏమంటుందోనని మేమంతా ఊపిరి బిగబట్టుకున్నాం. అయిపోయాక కళ్ళు తెరిచి ఏమందో తెలుసా?

"మూడో వాయికి బియ్యం ఆరిపోయాయే. తడిగుడ్డ కప్పి ఉంచమని చెప్పానా, లేదా? ఆ చప్పుడు వింటే తెలియడంలా!" అంది.

మళ్ళీ పెట్టించుకు విన్నాను. ప్రతి వాయికీ మొదటి పోట్లు గింజ మీద పడి కరుకుగా మోగుతాయి. నలుగుతున్నకొద్దీ మెత్తబడతాయి. చివరికి పిండి మీద 'ధప్'మని దిగబడతాయి. మూడో వాయిలో ఆ కరుకుదనం చాలాసేపు పోలేదు. పిండి ఎప్పుడు పిండి అయిందో కళ్ళతో చూడకుండా చెప్పగల చెవి మా అత్తది. ఆ చెవికి కావలసిన కబురంతా పోటుకీ పోటుకీ మధ్య ఉన్న తేడాలోనే ఉంది. మా మేనల్లుడి ఫోను చేసిన పాటలో అయితే ఆ బియ్యం ఎప్పటికీ పిండి కాదు!

మీ ఇళ్ళల్లోనూ పాటలు తెలిసిన అమ్మమ్మలూ, మామ్మలూ ఉండే ఉంటారు. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోను ఉంది, రేపో మాపో రికార్డు చేస్తారు. మైకులూ గీకులూ లేకపోయినా ఫర్వాలేదు. ఫోను పాడే మనిషికి దగ్గరగా, మోగే వస్తువుకి దూరంగా పెట్టండి. బల్ల మీద కాకుండా మడతపెట్టిన తువ్వాలు మీద పెట్టండి. ముందు ఒక్క చరణం పాడించి, గట్టి చప్పుడు దగ్గర బరబరమంటోందేమో విని చూసుకోండి. అంటే ఫోనుని ఇంకో రెండు మూరలు జరపండి. తరవాత సవరించేవాళ్ళకి ఇచ్చేటప్పుడు "గట్టిగా ఉన్నవి వంచండి, విరచకండి" అని ఒక్క మాట చెప్పండి.

ఆ మధ్యలో ఆవిడ ఎవర్నైనా కేకలేస్తే మాత్రం, దయచేసి దాన్ని చెరపనివ్వకండి.